ఊక, రంపపు పొట్టుతో అద్దకపు నీటి శుద్ధి: సమస్యలు, పరిష్కారాలు

సమస్య: మిథిలీన్ బ్లూ (ప్రయోగాల్లో వాడే నీలి రంగు) కలిపిన నీటిని తేటగా చేసిన పొట్టే, అద్దకపు తొట్టి నీటిలో వేస్తే రంగును ఏమాత్రం తగ్గించడం లేదు.

కారణం: లోపం పొట్టులో లేదు, రంగు స్వభావంలో ఉంది. మామూలు నీటిలో ఊక, రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు వంటివాటి ఉపరితలం రుణావేశంతో ఉంటుంది కనుక ధనావేశం గల మిథిలీన్ బ్లూను ఇట్టే పట్టుకుంటుంది. చేనేత ఊళ్లలో నూలుకు వాడే రియాక్టివ్ రంగులు, పట్టుకు వాడే ఆసిడ్ రంగులు తమ అణువుల్లోని సల్ఫోనేట్ సమూహాల (గంధకం ఉన్న, రుణావేశం గల భాగాల) వల్ల తామే రుణావేశంతో ఉంటాయి. పైగా రియాక్టివ్ అద్దకంలో సోడా కలపడంతో నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 తటస్థం) 10 దాటుతుంది కాబట్టి పొట్టుకూ రంగుకూ మధ్య వికర్షణ మరింత పెరుగుతుంది. ఒక్క మిథిలీన్ బ్లూ ఫలితాన్ని చూపి "అన్ని రంగులూ పోతాయి" అనడం నా దృష్టిలో సరికాదు.

పరిష్కారం: ఆమ్లంతో పీహెచ్‌ను 2–3కు దించితే అధిశోషణం (పొట్టు ఉపరితలానికి రంగు అంటుకోవడం) బాగా పెరుగుతుంది గానీ, వదిలే ముందు ఆ నీటిని సున్నంతో మళ్లీ 6.5–8.5 మధ్యకు తేవాలి. చిన్న అద్దకశాలకు ఈ రెండింతల ఖర్చు కంటే, పీహెచ్‌ను 7కు తెచ్చి కొబ్బరి చిప్పల ఉత్తేజిత బొగ్గు (సన్నని రంధ్రాలతో రంగును పట్టుకునేలా తయారుచేసిన బొగ్గు) వాడటమే మేలు. ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, లేకపోతే సోడా నురగలు కక్కి తొట్టి పొంగిపోతుంది. ముందుగా లీటరు నీటి చొప్పున 1, 2, 5, 10 గ్రాముల బొగ్గు వేసి, గంటసేపు కలిపి, వడకట్టి, గాజు గొట్టాల్లో పోసి తెల్ల కాగితం ముందు పోల్చి చూస్తే సరిపడే మోతాదు తెలుస్తుంది.

సమస్య: రంగు తగ్గినా నీరు గోధుమ వర్ణానికి తిరుగుతోంది.

కారణం, పరిష్కారం: ఇది పొట్టులోని టానిన్ల (చెక్క, ఆకుల్లో సహజంగా ఉండే వగరు పదార్థాల) రంగు, వేపాకు పొడిలో ఈ బెడద మరీ ఎక్కువ. కడిగిన నీరు తేటపడేవరకు పొట్టును వేడినీటితో కడిగి ఎండబెట్టాలి.

సమస్య: పొట్టు నింపిన వడపోత గొట్టం నుంచి అనుకున్న సమయానికి ముందే రంగు నీరు వస్తోంది.

కారణం, పరిష్కారం: గొట్టాన్ని విప్పి చూడాలి. పొట్టు అంతా రంగు పట్టి ఉంటే దాని శక్తి అయిపోయినట్టు, మార్చాలి. చారలుగా మాత్రమే రంగు పట్టి, మిగతాది మామూలుగా ఉంటే నీరు దారులు చేసుకుని జారిపోతున్నట్టు; అప్పుడు జల్లెడ పట్టి నుసిని తీసేసి, పొట్టును రాత్రంతా నానబెట్టి, తడిగానే నింపి, నీటిని కింది నుంచి పైకి పంపాలి.

సమస్య: నీరు తేటగా ఉన్నా మొక్కలు మాడిపోతున్నాయి.

కారణం, పరిష్కారం: అద్దకంలో వేసిన ఉప్పు ఈ పద్ధతిలో పోదు. ఉప్పు ఎక్కువగా ఉండే తొట్టి నీటిని వేరుగా ఆవిరి చేసి, జాడింపు నీటినే శుద్ధికి పంపాలి. రంగు పట్టిన పొట్టును చేలో వేయకూడదు, పొయ్యిలో కాల్చకూడదు. తడి తగలకుండా సంచుల్లో దాచి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి.