రోగనిరోధక పాఠాలు – 4: టి కణం దేన్ని చూస్తుంది?

పోయిన పాఠంలో బి కణాల దగ్గర ఆగాం. అవి తయారుచేసే ప్రతిదేహం (యాంటీబాడీ) వైరస్‌ను ఉన్నదున్నట్టుగా, దాని పైరూపం చూసే పట్టుకుంటుందని చెప్పుకున్నాం. టి కణం కూడా రోగాలతో పోరాడే తెల్ల రక్తకణమే, కానీ అలా కాదు. వైరస్‌ను తెచ్చి దాని ముందు నిలబెట్టినా గుర్తుపట్టదు. ఈ వారానికి ఈ ఒక్క సంగతి ఒంటబడితే చాలు.

ఒడిశాలోని గుణుపూర్‌లో సాయంత్రాలు నా దగ్గర చదువుకునే నర్సింగ్ పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. పరీక్షలో ఎంహెచ్‌సీ అని రాసేస్తారు, అదేం చేస్తుందని అడిగితే టెన్షన్ పడతారు. తప్పు వాళ్లది కాదు. మన మాటల్లో చెప్పినవాళ్లు లేరు, అంతే. అందుకే వడ్లతో మొదలుపెడతాను.

వడ్లు అమ్మే రైతు బస్తా మొత్తం కుమ్మరించడు. లోపలినుంచి గుప్పెడు తీసి అరచేతిలో చూపిస్తాడు. కొనేవాడు ఆ గింజల్ని బట్టే లోపలి సరుకు ఎలాంటిదో చెబుతాడు. మన కణాలూ ఇదే పని చేస్తాయి. కణంలోని ప్రోటీన్లను ప్రోటియజోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో కొన్ని ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్ అరచేతిలో కూర్చుని కణం పైకి వస్తాయి. జబ్బు ఉన్నా లేకపోయినా ఈ ప్రదర్శన ఆగదు. లోపల వైరస్ ఉంటే దాని ముక్కలూ పైకి వస్తాయి. సొంత ముక్కల్ని చూసి గట్టిగా రెచ్చిపోయే టి కణాల్ని చాలావరకు థైమస్ గ్రంథి ముందే ఏరేస్తుంది.

టి కణం గింజను ఒక్కదాన్నే చూడదు, పట్టుకున్న చేతినీ కలిపి చూస్తుంది. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో జింకర్‌నాగెల్, డోహర్టీ దీన్ని ఎలుకల్లో చూపించారు. వైరస్ సోకిన ఎలుక టి కణాలు అదే రకం ఎంహెచ్‌సీ ఉన్న, వైరస్ సోకిన కణాల్నే చంపాయి. వేరే రకం ఎంహెచ్‌సీ ఉన్న కణాలకు అదే వైరస్ సోకినా వాటి జోలికి పోలేదు. 1996లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని ప్రయోగం ఇది.

చేతులు రెండు రకాలు. మొదటి తరగతి చెయ్యి రెండు కొసలా మూసుకుని ఉంటుంది, మామూలుగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్కే పడుతుంది. కేంద్రకం ఉన్న కణాలన్నిటికీ దాదాపు ఇది ఉంటుంది. దీన్ని చూసేది సీడీ8 టి కణం, చంపడం దాని పని. రెండో తరగతి చెయ్యి కొసలు తెరిచి ఉంటాయి కాబట్టి ఇంకా పొడుగు ముక్కలు పడతాయి. బయటినుంచి మింగినవాటిని చూపించే డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, బి కణాల మీద ఇది ముఖ్యంగా ఉంటుంది. చూసేది సీడీ4 టి కణం, మిగతా కణాల్ని పిలవడం దాని పని.

ఇప్పుడు కాగితం తీయండి. ఏ జబ్బయినా రెండే ప్రశ్నలు: క్రిమి ఎక్కడుంది? ఆ కణానికి ఏ చెయ్యి ఉంది?

క్షయ క్రిమిని మాక్రోఫేజ్ మింగింది. కాబట్టి ముఖ్యంగా రెండో తరగతి, సీడీ4. క్షయ కోసం చర్మంలోకి సూది వేసి చేసే మాంటూ పరీక్షలో 48–72 గంటలకు ముంజేతి మీద వేలికి గట్టిగా తగిలేది ఈ టి కణాలు పిలిచిన గుంపే. అందుకే స్కేలు పెట్టి గట్టిదనాన్ని కొలవాలి, ఎరుపును కాదు.

ఇక మన రాయగడ జిల్లాను ఏళ్లుగా పీడించిన మలేరియా. దోమ కుట్టాక క్రిమి ముందు కాలేయ కణంలో చేరుతుంది. దానికి కేంద్రకం ఉంది, మొదటి తరగతి చెయ్యి ఉంది, సీడీ8 చంపగలదు. తర్వాత ఎర్ర రక్తకణంలోకి దూరుతుంది. దానికి కేంద్రకమూ లేదు, చూపించే చెయ్యీ లేదు. సీడీ8 పక్కనుంచే పోతున్నా లోపలి క్రిమి కనబడదు. జ్వరం వచ్చేది ఈ దశలోనే.

వచ్చే పాఠానికి ఒక లెక్క. ఒక వైరస్ డెండ్రైటిక్ కణానికి సోకదు, చచ్చిన కణంతోపాటు దాని కడుపులోకి పోతుందంతే. అయినా సీడీ8 కణాలు మేలుకుంటాయి. ఆ ముక్క మొదటి తరగతి చేతిలోకి ఏ దారిన వచ్చి ఉంటుందో బొమ్మ గీసి ఉంచండి.