మాస్టర్ ప్లాన్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: డ్రాఫ్ట్‌పై అభ్యంతరం రాయడం

మ్యాపులో రంగులు గుర్తుపట్టడం గత పాఠంలో చూశాం: పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమ. మీ సర్వే నంబరు ఏ రంగులో పడిందో దొరికింది, ఆ రంగు మీకు నచ్చలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు చేతిలో ఉన్నది డ్రాఫ్టా, ఫైనలా తేల్చుకోండి. డ్రాఫ్ట్ ఎంత అందంగా ప్రింటయినా ప్రతిపాదనే. ప్రభుత్వం ఆమోదించి జీవో ఇస్తేనే దానికి చట్టబలం. హైదరాబాద్ శివార్లలో అందరూ మాట్లాడే 2031 మాస్టర్ ప్లాన్‌కు ఆ బలం 2013 జనవరి 24 నాటి జీవో 33తో వచ్చింది.

ఈ తేడా ఎంత పనిచేస్తుందో కామారెడ్డిలో చూశాం. డ్రాఫ్ట్‌లో సాగు భూములను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపారని రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు. అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ డ్రాఫ్ట్ వద్దని తీర్మానం చేసింది. ప్లాన్ ఫైనలై ఉంటే కౌన్సిల్ తీర్మానం ఒక్కటే సరిపోయేది కాదు, సచివాలయం దాకా వెళ్లాల్సి వచ్చేది.

తర్వాత, మీ ఊరు ఏ చట్టం కిందికొస్తుందో చూడండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధికి 2008 చట్టం ఉంది. తెలంగాణలో మిగతా అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలు 1975 చట్టం కింద నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో అథారిటీల కోసం 2016లో వేరే చట్టం తెచ్చారు. సెక్షన్లు బట్టీ పట్టనక్కర్లేదు. నోటీసు మొదటి పేరాలోనే ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది రాస్తారు. గడువు కూడా అక్కడే ఉంటుంది. గడువు లెక్క ఏ తేదీ నుంచి మొదలవుతుందో మాత్రం రెండుసార్లు చదవండి.

ఇక రాయడం. చాలామంది ‘మాకు అన్యాయం జరుగుతోంది, ప్లాన్ రద్దు చేయాలి’ అని రాసి ఊరంతా సంతకాలు పెడతారు. అది వినతిపత్రం అవుతుంది గానీ, ఆఫీసర్ దాన్ని మ్యాపు మీద ఎక్కడ పెట్టి చూడాలి? ఇలా రాస్తే సమాధానం చెప్పక తప్పదు:

‘సర్వే నం. 214/అ, రెండెకరాలు. డ్రాఫ్ట్‌లో ఇండస్ట్రియల్ జోన్‌గా చూపారు. బోరు కింద రెండు పంటలు పండుతున్నాయి. ఉత్తరం వైపు చెరువు శిఖం ఆనుకుని ఉంది. మీరు తయారుచేసిన ప్రస్తుత భూ వినియోగ పటంలోనే ఇది వ్యవసాయ భూమిగా ఉంది. అగ్రికల్చర్ జోన్‌లోనే ఉంచాలని కోరుతున్నాను. ముఖాముఖి విచారణకు అవకాశం ఇవ్వగలరు.’

ఐదో వాక్యం చూడండి. వాళ్ల సర్వేనే వాళ్ల ప్రతిపాదనకు ఎదురు నిలబెట్టింది. నా లెక్కలో వంద సంతకాల కన్నా అదే బరువు. పాస్‌బుక్, పహాణీ, గ్రామ నక్ష నకళ్లు జతచేసి ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకోకుండా కౌంటర్ వదలొద్దు. సర్పంచ్ గారికో, ఎమ్మెల్యే గారికో నోటితో చెప్పిన మాట ఫైల్లోకి చేరదు.

గడువు దాటి ప్లాన్ ఫైనలైతే మిగిలే దారి భూ వినియోగ మార్పిడి, అంటే జనం నోట్లో సీఎల్‌యూ. 1975 చట్టం 12వ సెక్షన్ కింద ప్రభుత్వం మార్పు ప్రతిపాదించి, సాధారణంగా 15 రోజులు అభ్యంతరాలు అడిగి, ఆపైన జీవో ఇస్తుంది. ఆ ఛార్జీలు మీ జేబులోంచే. అన్నట్టు, నాలా (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చే అనుమతి) చేయించుకున్నాం కదా అని ధీమాగా ఉండొద్దు. నాలాతో రెవెన్యూ రికార్డు మారుతుంది, మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు. నిర్మాణాలపై ఆంక్షలుండే కన్జర్వేషన్ జోన్‌లో ప్లాటు కొని, నాలా కాగితం పట్టుకుని పర్మిషన్ కోసం తిరిగేవాళ్లు తక్కువేం లేరు. సీఎల్‌యూ సంగతి వచ్చే పాఠంలో వివరంగా.

అభ్యాసం: మీ పట్టణం మాస్టర్ ప్లాన్ జీవో వెతికి దాని నంబరు, తేదీ రాసుకోండి. తర్వాత మీ సర్వే నంబరుతో పైన చూపిన ఉత్తరాన్ని తిరగరాయండి. ప్రస్తుత భూ వినియోగ పటం దొరకకపోతే ఆర్‌టీఐ కింద అడగొచ్చు.