పొడుగు వీడియో నుంచి చిన్న క్లిప్ – మూడవ పాఠం: మాటను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

మొదటి పాఠంలో అనుమతి గురించి, రెండవ పాఠంలో వీడియో మొత్తం ఒకసారి ఆపకుండా చూసి పనికొచ్చే చోట్ల సమయాలను కాగితం మీద రాసుకోవడం గురించి చెప్పుకున్నాం. అనుమతి విషయం మాత్రం ఇక్కడ మరోసారి గుర్తు చేయవలసిందే. "సౌజన్యం ఫలానా ఛానెల్" అని కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. అడగకుండా వాడుకునే వీలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టిన వీడియోలకు ఉంది, అక్కడ కూడా మూలకర్త పేరు చెప్పి తీరాలి. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను విమర్శకు, సమీక్షకు, వర్తమాన సంఘటనల వార్తలకు కొంత మినహాయింపు ఇస్తుంది కానీ, ఒకరి ప్రసంగాన్ని ముక్కలు చేసి మన ఛానెల్ నింపుకోవడానికి అది రక్షణ కాదు.

ఈ పాఠానికి ఒక నమూనా పెట్టుకుందాం. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యల రైతుల కోసం జరిగిన గంటసేపటి చర్చ రికార్డింగు మీ దగ్గర ఉందనీ, అందులోంచి క్లిప్పులు చేసి పెట్టుకోవచ్చని నిర్వాహకులు వాట్సాప్‌లో రాసి పంపారనీ అనుకోండి. మీ సమయాల కాగితంలో 23 నిమిషాల 40 సెకన్ల దగ్గర "మేత తగ్గించండి – గట్టిగా చెప్పాడు, బాగుంది" అని రాసుకున్నారు. అక్కడ వక్త మాటలు ఇలా సాగాయనుకుందాం:

"రెండు రోజులు మబ్బు పట్టి ఎండ కాయకపోతే, తెల్లవారుజామున మీటరు పెట్టి చూసినప్పుడు ఆక్సిజన్ నాలుగు పిపిఎం కన్నా కిందికి దిగితే, ఆ పూట మేత తగ్గించండి. మేత తగ్గించాం కదా, ఇక ఏరియేటర్లు ఆపినా పర్వాలేదు, కరెంటు బిల్లు మిగులుతుంది అనుకునేవాళ్ళు ఉన్నారు, ఆ పని మాత్రం చేయొద్దు."

(పిపిఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు, ఏరియేటర్లంటే గుంట నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రాలు.) కొత్తగా క్లిప్పులు చేసేవారి చెయ్యి సహజంగా 23:40 దగ్గరికే పోతుంది. ఆ మాట గట్టిగా ఉంది, వినసొంపుగా ఉంది, వక్త చెయ్యి కూడా ఎత్తాడు. అక్కడ మొదలుపెట్టి పది సెకన్లు కోస్తే చూసేవారికి అందేది "మేత తగ్గించండి" అన్న ఆజ్ఞ ఒక్కటే. ఎప్పుడు తగ్గించాలో, ఏ కొలత చూసి తగ్గించాలో ఆ క్లిప్పులో లేదు. విడవలూరులోనో అల్లూరులోనో ఎండ బాగా కాస్తున్న వారంలో దాన్ని చూసిన రైతు మేత తగ్గిస్తే రొయ్య ఎదుగుదల కుంటుపడుతుంది, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాదు. వక్త అన్న మాటనే మనం పెట్టాం, ఒక్క అక్షరం మార్చలేదు, అయినా ఆయన చెప్పనిది చెప్పించాం.

ఇందుకు కారణం తెలుగు వాక్యపు నడకలోనే ఉంది. మనం షరతును ముందు చెబుతాం, చేయవలసిన పనిని చివర చెబుతాం. "అయితే", "ఉంటే", "దిగితే", "కాయకపోతే" అన్న భాగాలన్నీ అసలు మాటకు ముందే వస్తాయి. కాబట్టి చెవికి బలంగా తగిలిన చోటు దాదాపు ఎప్పుడూ వాక్యపు తోకే అవుతుంది. క్లిప్పు మొదలు ఎక్కడుండాలో నిర్ణయించేటప్పుడు ఆ తోక నుంచి వెనక్కి నడవాలి. పై నమూనాలో వాక్యం "రెండు రోజులు" అన్న మాటతో, అంటే ఉదాహరణకు 23:26 దగ్గర మొదలైంది. మన కోత అంతకంటే ఒక్క క్షణం ముందు పడాలి. పద్నాలుగు సెకన్లు ఎక్కువయ్యాయని, ఈలోగా చూసేవారు వేలితో పైకి తోసేస్తారని భయపడవద్దు. ఆ పద్నాలుగు సెకన్లు లేకపోతే ఆ క్లిప్పు పెట్టనవసరమే లేదు.

క్లిప్పు చివరి సంగతి ఇంకా సున్నితమైనది. తెలుగులో కాదనడం, వద్దనడం, లేదనడం కూడా చివరనే వస్తాయి. "ఏరియేటర్లు ఆపినా పర్వాలేదు, కరెంటు బిల్లు మిగులుతుంది" అన్నంతవరకూ వింటే అది సలహాలాగే ఉంటుంది. "అనుకునేవాళ్ళు ఉన్నారు, ఆ పని మాత్రం చేయొద్దు" అన్నది విన్నాకే అది హెచ్చరిక అని తెలుస్తుంది. రాత్రిపూట గుంటలోని నాచు ఆక్సిజన్‌ను తయారుచేయదు, రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటూనే ఉంటుంది, అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళలో ఏరియేటర్లు ఆపడమంటే పంటను పోగొట్టుకోవడమే. అరవై సెకన్ల హద్దు దాటుతోందని ఎడిటింగ్ యాప్ సూచించిన చోట చివరి నాలుగు మాటలు కోసేస్తే, ఏ తప్పును ఆపాలని వక్త అంత శ్రమపడ్డాడో ఆ తప్పునే మనం ఊరూరికీ చేరవేసినట్టవుతుంది. "అని నేను అనడం లేదు", "అనుకుంటే పొరపాటు", "అదంతా ఒట్టి మాట" వంటి ముగింపులు ఎక్కడ వస్తాయో ముందుగానే గుర్తించడానికి ఒక్కటే మార్గం: ఎంచుకున్న భాగాన్ని కాగితం మీద మాటమాటకూ రాసుకోవడం. యాభై సెకన్ల మాటలు రాయడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ పని తప్పించుకోవడానికి చాలామంది చూస్తారు, నేనైతే దీన్ని ఈ పాఠమాలలోనే అతి ముఖ్యమైన అలవాటుగా భావిస్తాను.

నిడివి గురించి ఇక్కడే చెప్పడం మంచిది. యూట్యూబ్ షార్ట్స్‌కు మొదట్లో 60 సెకన్ల హద్దు ఉండేది, 2024 అక్టోబర్ 15 నుంచి నిలువు, చదరపు వీడియోలను 3 నిమిషాల దాకా షార్ట్స్‌గా పెట్టుకునే వీలు వచ్చింది. కాబట్టి షరతును వదిలేయడానికి నిడివిని సాకుగా చెప్పే అవసరం ఇప్పుడు లేదు. అలాగని మూడు నిమిషాలూ నింపమని కాదు, ఒక్క సంగతి పూర్తిగా చెప్పడానికి ఎంత పడుతుందో అంతే ఉంచండి. మన నమూనాకు 45 నుంచి 50 సెకన్లు చాలు.

కత్తెర వేయడం

టైమ్‌లైన్‌ను వేళ్ళతో బాగా పెద్దది చేసి, శబ్దపు గీత కనిపించేలా పెట్టుకోండి. గీత సన్నగా, చదునుగా ఉన్న చోట వక్త ఊపిరి తీసుకుంటున్నాడు, ఉవ్వెత్తున లేచిన చోట మాట మొదలవుతోంది. సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు ఉన్న వీడియోలో, మాట లేచే చోటుకు మూడు నాలుగు ఫ్రేముల ముందు కోస్తే సరిపోతుంది. క, ట, ప వంటి అక్షరాలతో మొదలయ్యే మాటలకు ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే అవి ఒక్కసారిగా పేలినట్టు వస్తాయి, ఒక్క ఫ్రేము తిన్నా "పిల్లలు" కాస్తా "ఇల్లలు"గా వినిపిస్తుంది. చివర మాత్రం తొందరపడకుండా, "చేయొద్దు" అన్న తరువాత అర సెకను నిశ్శబ్దం ఉంచండి, వక్త నోరు మూసుకోవడం కనిపించాలి.

కోసిన చోటు ఒకటి, క్లిప్పు మొదలైన చోటు మరొకటిగా కనిపించడం కొందరిని తికమక పెడుతుంది. వీడియో ఫైలులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. కొద్ది కొద్ది వ్యవధిలో ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు, మధ్యలోవి ముందు బొమ్మకూ తరువాతి బొమ్మకూ ఉన్న తేడాలను మాత్రమే దాచుకుంటాయి. లాస్‌లెస్‌కట్ వంటి ప్రోగ్రాములు ఫైలును మళ్ళీ తయారుచేయకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే విడగొడతాయి కాబట్టి వేగంగా పని ముగిస్తాయి, నాణ్యత తగ్గదు, కానీ కోత దగ్గరలోని కీఫ్రేమ్ మీదికి జరుగుతుంది. గంట రికార్డింగులోంచి ఐదు నిమిషాల ముడి భాగాన్ని తీసుకోవడానికి అవి బాగుంటాయి. తుది కోత మాత్రం ఫోన్లో ఇన్‌షాట్ వంటి యాప్‌లోనో, కంప్యూటర్లో షాట్‌కట్‌లోనో చేసి ఎక్స్‌పోర్ట్ చేయండి, అప్పుడు ఫైలు మళ్ళీ తయారవుతుంది కాబట్టి మీరు పెట్టిన ఫ్రేము దగ్గరే మొదలవుతుంది.

మధ్యలోంచి తీసేయదగినవి ఉన్నాయి: దగ్గు, మైకు సర్దుకోవడం, ఒకే మాటను రెండుసార్లు అనడం, "ఏందంటే" అన్న ఊతపదం మరీ ఎక్కువైనప్పుడు అందులో కొన్ని. తీసిన చోట బొమ్మ గెంతుతుంది. తరువాతి ముక్కను పది శాతం పెద్దది చేస్తే ఆ గెంతు కంటికి అంత తగలదు. అయితే ఒక పూర్తి వాక్యాన్ని మధ్యలోంచి తీసినప్పుడు ఆ గెంతును దాచవద్దు. అర సెకను తెల్లతెర వేసి, ఇక్కడ కొంత భాగం లేదని చూసేవారికి తెలియనివ్వండి. "కానీ", "అయితే", "ఒక్క విషయం" అని మొదలయ్యే వాక్యాలను ఎంత నిడివి మిగిలినా తీయకండి.

నిలువు చట్రం

అడ్డంగా తీసిన 1920 బై 1080 వీడియోను 9:16 నిలువు చట్రంలో పెడితే, ఎత్తు మొత్తం ఉంచుకున్నా వెడల్పులో దాదాపు 608 పిక్సెళ్ళే మిగులుతాయి, అంటే మూడో వంతు కూడా కాదు. ఒక్కరే మాట్లాడుతున్న వీడియోలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, ముఖం మధ్యకు తెచ్చుకుంటే చాలు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల వీడియో తీసుకుంటే కష్టం తెలుస్తుంది. తెరకు ఆ చివర మెడలు వంచి కాడి మీద బరువు మోపిన గిత్తలు, ఈ చివర నేల మీద గీసుకుంటూ కదిలే బండ, రెండింటినీ కలిపే గొలుసు పొడవునా తోలేవారు. నిలువు చట్రంలో గిత్తలుంటే బండ ఉండదు, బండ ఉంటే గిత్తలుండవు. నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే పోటీ కాబట్టి బండ కదలికను చూపకుండా గిత్తల ముఖాలే చూపితే పోటీ అర్థం కాదు. ఇలాంటప్పుడు చట్రాన్ని కదిలించాలి: మొదటి రెండు సెకన్లు గిత్తల మెడల మీద నిలిపి, తరువాత నెమ్మదిగా గొలుసు వెంట వెనక్కి జరిపి, బండ కదిలే క్షణానికి అక్కడికి చేరుకోవాలి. వెనకాల మసక బొమ్మ పెట్టి మధ్యలో అడ్డ వీడియోను చిన్నదిగా ఇరికించే పద్ధతి సులువే గానీ, ఫోన్ తెరలో మూడు వంతుల్లో రెండు వంతులు మసకకే పోతాయి, నేను దాన్ని సిఫారసు చేయను. చర్చా కార్యక్రమంలో వక్తతో పాటు పట్టిక కూడా కనిపించాల్సి వస్తే తెరను పైనా కిందా రెండుగా విడగొట్టి, పైన పట్టిక, కింద మనిషి వచ్చేలా పెట్టండి.

తెర మీద తెలుగు

చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి మాటలను తెర మీద వేయాలి. యాప్ తనంతట తాను రాసే తెలుగును దిద్దకుండా వదలకండి, ముఖ్యంగా అంకెలను. "నాలుగు పిపిఎం" కాస్తా మరొకటైతే నష్టం రైతుది. వక్త "గుంట" అంటే గుంట అనే వేయండి, దాన్ని సంస్కరించే పని మనది కాదు. కొన్ని యాప్‌లలోని ఫాంట్లు ఒత్తులను విడదీసి "వన్నామీ" (ఒక రకం రొయ్య పేరు) అన్న మాటను "వన్‌నామీ"గా చూపిస్తాయి, అలాంటప్పుడు నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లను దింపుకుని యాప్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంచి, ఒకేసారి రెండు వరుసలకు మించకుండా వేయాలి. తెర అడుగు భాగంలో ఛానెల్ పేరు, కుడి పక్కన లైకు, షేరు గుర్తులు వస్తాయి, ఆ చోట్లు ఖాళీగా వదిలేయండి.

మొదటి మూడు సెకన్లలో కనిపించే శీర్షిక విషయంలో ఒక్క మాట. "మీ రొయ్యలన్నీ చచ్చిపోతాయి!" అని వేస్తే వేలు ఆగుతుందన్నది నిజమే. "మబ్బు రోజుల్లో మేత ఎంత వేయాలి?" అని వేసినా రొయ్యల రైతు వేలు ఆగుతుంది, మనకు కావలసింది ఆయనే.

పెట్టడం

అసలు వీడియో మీ ఛానెల్‌లోనే ఉంటే షార్ట్ పెట్టేటప్పుడు "సంబంధిత వీడియో"గా దాన్ని జోడించండి. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, వ్యాఖ్యల్లో రాసిన లింకులు నొక్కితే తెరుచుకోవు కాబట్టి ఇదొక్కటే సరైన దారి. వెనకాల సినిమా పాట వేయకండి, నిమిషం దాటిన షార్ట్‌లో కాపీరైటు హక్కుదారు పాట దొరికితే ఆ షార్ట్ ఎవరికీ కనిపించకుండా ఆగిపోతుంది.

మన జిల్లాల్లో ఇలాంటి క్లిప్పు యూట్యూబ్‌లో కంటే వాట్సాప్ గ్రూపుల్లోనే ఎక్కువ తిరుగుతుంది. అక్కడికి వెళ్ళేసరికి శీర్షిక, వివరణ, లింకు అన్నీ రాలిపోయి ఒట్టి వీడియో మాత్రమే మిగులుతుంది. అందుకని వక్త పేరు, హోదా, మాట్లాడిన ఊరు, నెల, సంవత్సరం బొమ్మలోనే పై మూలన చిన్న అక్షరాలతో మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. వానాకాలం చెప్పిన మాట ఏప్రిల్ ఎండల్లో ఒకరి ఫోన్లో మోగినప్పుడు, అది ఏ కాలానికి చెప్పిందో వారికి తెలియాలి. గ్రూపులోకి మీరే పంపేటప్పుడు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపితే అక్షరాలు మసకబారవు.

ఈ పాఠానికి అభ్యాసం: అనుమతి ఉన్న ఇరవై నిమిషాల రికార్డింగును ఏదైనా తీసుకుని, మీకు నచ్చిన ఒక్క సంగతిని మాటమాటకూ రాసుకోండి. షరతుల కింద ఒక గీత, కాదనే మాటల కింద రెండు గీతలు గీసి, గీతలన్నీ లోపల పడేలా క్లిప్పు కోయండి. అసలు వీడియో చూడని మనిషికి, వీలైతే ఆ పని చేసే మనిషికే, దాన్ని చూపించి "ఇది విన్నాక రేపు పొద్దున మీరేం చేస్తారు?" అని అడగండి. ఆయన చెప్పినదీ వక్త ఉద్దేశించినదీ ఒకటి కాకపోతే క్లిప్పు మొదలును ఇంకా వెనక్కి జరిపి మళ్ళీ చూపించండి. నాల్గవ పాఠంలో శబ్దం సంగతి చూద్దాం. గుంట గట్టు మీద తీసిన వీడియోలో ఏరియేటర్ హోరును తగ్గించి మనిషి గొంతును పైకి తేవడం అందులో ఉంటుంది, కాబట్టి ఈలోగా మీ ముడి రికార్డింగులను చెరిపేయకండి.