గ్రేప్‌ఫ్రూట్ చేదు తగ్గింది, రసం నిలిచింది

టెక్సస్‌లో చలికాలమంతా రియో గ్రాండే వ్యాలీ ఎర్ర గ్రేప్‌ఫ్రూట్లు (నారింజ జాతి పెద్ద పండ్లు) దొరుకుతాయి. సంచెడు తెస్తే, వంటింటి గట్టు మీద వారం దాటేసరికి తోలు ముడతలు పడి రసం తగ్గిపోయేది. పైగా చేదని పిల్లలు ముట్టేవారే కాదు.

ఇప్పుడు సైజుకి మించి బరువున్న కాయలే ఏరుతున్నాను. బరువంటే రసమే. తోలు మీద మచ్చలున్నా పట్టించుకోను. చెట్టు నుంచి కోశాక ఈ పండు ఇంకా తియ్యగా మారదు, కాబట్టి మగ్గబెట్టే పని లేదు. వెంటనే తినేవి బయట, మిగతావి కడగకుండా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో. రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటున్నాయి. తినే ముందు కాసేపు బయట పెడితే చల్లదనం తగ్గి రుచి, వాసన బాగా తెలుస్తాయి.

చేదుకి కారణం నారింజిన్ అనే పదార్థం. తెల్ల పొరల్లో అది ఎక్కువ. గ్రేప్‌ఫ్రూట్ అసలు పంపర పనసకీ తీపి నారింజకీ పుట్టిన సంకరం. అందుకే పంపర పనస ఒలిచినట్టే తొనల పొర పూర్తిగా తీసి, చిటికెడు ఉప్పు చల్లాను. చక్కెర అవసరమే పడలేదు, ఉప్పే చేదుని అణిచేసింది. పిల్లలు ఇప్పుడు అడిగి మరీ తింటున్నారు.

కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్, బీపీకి ఫెలోడిపిన్ లాంటి మందులు వేసుకునే పెద్దవాళ్లకి మాత్రం డాక్టర్ని అడగకుండా పెట్టకండి. ఈ పండు వల్ల ఆ మందులు రక్తంలో మోతాదు మించుతాయి.