పని కోసం సిటీకి పోతున్నారా? మొదటి నెల గట్టెక్కాలంటే ఇవి చూస్కోండి

ఊరు వదిలి పోయేవాళ్లకి అందరూ జాగ్రత్త జాగ్రత్త అంటారు గానీ ఏం జాగ్రత్తో ఎవరూ చెప్పరు, అందుకే నాకు తెలిసినంత రాస్తున్నా.

ముందు తిరుగు ఛార్జీ డబ్బులు విడిగా దాచుకోండి, ఆకలేసినా ముట్టుకోవద్దు. అవి జేబులో ఉంటే నచ్చని పనిలో నోరు మూసుకుని పడి ఉండక్కర్లేదు. అడ్వాన్స్ తీసుకుంటే నెలకి ఎంత కట్ చేస్తారో బయల్దేరకముందే తేల్చుకోండి, అక్కడికెళ్లాక "తర్వాత చూద్దాంలే" అంటారు.

ఐడీ కార్డు ఒరిజినల్ ఎవరికీ వదిలేయొద్దు, చూపించి వెనక్కి తీస్కోండి, కావాలంటే జిరాక్స్ ఇవ్వండి. "మా దగ్గర భద్రంగా ఉంటుంది" అన్నారంటే అనుమానించాల్సిందే. వెట్టిచాకిరీని గుర్తుపట్టడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన 11 లక్షణాల్లో గుర్తింపు కాగితాలు దగ్గర పెట్టేసుకోవడం, జీతం ఆపడం, అప్పు పేరుతో కట్టిపడేయడం మూడూ ఉన్నాయి.

ఇక అసలుది హాజరు. నేను వెళ్లిన మొదటి నెల 23 రోజులు చేస్తే మేస్త్రీ పుస్తకంలో 19 ఉన్నాయి, నా దగ్గర ఏమీ రాసి లేదు, ఏమని కొట్లాడను? నాలుగు రోజుల కూలి పోయింది. అప్పట్నుంచి చిన్న నోట్‌బుక్ పెట్టా. తేదీ, ఎక్కడ పని, ఎన్నింటికి పనిలోకి ఎక్కాం, ఎన్నింటికి దిగాం, ఓటీ (టైమ్ దాటి చేసిన పని) ఎంత, ఖర్చులకని చేతికి ఎంతిచ్చాడు, అంతే. దాంతోపాటు రోజూ సాయంత్రం మేస్త్రీకి వాట్సాప్‌లో "అన్నా ఈరోజు 8 నుంచి 6" అని ఒక మెసేజ్. రిప్లై ఇవ్వడు, ఇవ్వకపోయినా పర్లేదు, తేదీతో సహా పడి ఉంటుంది కదా. రాయడం రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి.

రూమ్ అద్దె తక్కువని దూరంగా తీసుకుంటే మిగిలింది ఛార్జీలకే పోతుంది, నిద్ర కూడా పోతుంది. రూమ్‌ని పొద్దున పూట చూడండి, నీళ్లు ఎన్నింటికి వస్తాయో, బాత్రూమ్ దగ్గర ఎంతమంది లైన్లో ఉంటారో అప్పుడే తెలుస్తుంది. డిపాజిట్ ఇచ్చేముందు గోడలు, తలుపులు ఫోటో తీసి పెట్టుకోండి.

మొదటి జీతం రాగానే మొత్తం ఇంటికి పంపబుద్ధవుతుంది, నేనూ పంపేశా, వారం తిరక్కుండా జ్వరమొచ్చి పక్కమంచం అతని దగ్గర చేబదులు తీసుకున్నా. కనీసం పది రోజుల తిండి ఖర్చు ఉంచుకున్నాకే పంపండి.

ఫోన్ పోయిందంటే ఒక్క నంబరూ గుర్తుండదు. ఇంటి నంబరు, ఊరి నుంచి వచ్చిన ఒకరి నంబరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి, చెమటకి తడిసి చిరిగితే మళ్లీ రాసుకోండి.