ఎర్ర చుక్క ఉన్న కీ నాది

మా ఆయన ఆరడుగుల మనిషి. నేను అయిదడుగులకి ఒక అంగుళం తక్కువే. ఆయన తర్వాత నేను కారెక్కితే బ్రేకు కాలికి అందదు, లోపలి అద్దంలో కారు పైకప్పు కనిపిస్తుంది, పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటాయి. ఏ కీకి ఆ సెట్టింగులు గుర్తుపెట్టుకునే సదుపాయం మా కారులో ఉందని రెండేళ్లకి గానీ తెలియలేదు.

ముందు మీ కారులో ఉందో లేదో చూడండి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్ అనో, డ్రైవర్ ప్రొఫైల్ అనో, యూజర్ అనో ఉంటుంది. కొన్ని కార్లలో ప్రొఫైల్‌ని, అంటే ఒకరి పేరు మీద దాచిన సెట్టింగులని, కీకి జత చేయడం కుదరదు, తెర మీద పేరు నొక్కి ఎంచుకోవాల్సిందే.

కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి మొదలుపెట్టండి. మీ కీ ఒక్కటే దగ్గరుంచుకోండి, రెండోది ఇంట్లో పెట్టి రండి. నేను రెండూ ఒకే హ్యాండ్‌బ్యాగులో వేసుకుని కూర్చున్నాను. నా ప్రొఫైల్ పోయి ఆయన కీకి అతుక్కుంది. మర్నాడు పొద్దున ఆయన తలుపు తీసేసరికే సీటు ముందుకొచ్చేసింది. చూసుకోకుండా కూర్చోబోయి మోకాలు స్టీరింగుకి కొట్టుకున్నారు. ఆ అరుపు మేడ మీదకి వినిపించింది. కీలు రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి మరి. అందుకే ఆ రోజే నాదానికి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను.

కొత్త ప్రొఫైల్ తెరిచి పేరు పెట్టండి. కీని జత చేసే చోట ఆటోమేటిక్, మాన్యువల్ అని రెండు కనిపిస్తే మాన్యువలే మంచిది. తెర అడిగినప్పుడు మీ కీ మీద అన్‌లాక్ బటన్ నొక్కితే సరి. మా కారులో ఆటోమేటిక్ పెడితే, ఏ కీతో తలుపు తెరిచారో అది అప్పుడు నడుస్తున్న ప్రొఫైల్‌కి అంటుకుంటుంది. నా కొంప ముంచింది అదే.

తర్వాత భాష, ఏసీ, సౌండ్, రేడియో స్టేషన్లు మీకు నచ్చినట్టు మార్చుకోండి. సేవ్ బటన్ కోసం వెతక్కండి. చాలా కార్లలో అది ఉండదు, మార్చింది మార్చినట్టే ఆ సమయంలో ఆన్‌లో ఉన్న ప్రొఫైల్‌లోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఏదైనా ముట్టుకునే ముందు తెర మీద ఎవరి పేరుందో చూడండి. సీటు సంగతి వేరు. మెమొరీ సీటయితే, అంటే మనం కూర్చునే తీరు గుర్తుపెట్టుకుని తనే జరిగే సీటయితే, సరిచేసుకుని, సెట్ బటన్ నొక్కి, 1 అని ఉన్న బటన్ నొక్కి, వెంటనే కీ మీద అన్‌లాక్ నొక్కాలి. ఈ వరుస కారుకో తీరుగా ఉంటుంది, మాన్యువల్ పుస్తకం ఒకసారి తిరగేయండి.

ఇప్పుడు దిగి, లాక్ చేసి, తెర పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, మళ్లీ తెరవండి. మీ పేరు వస్తే పనైనట్టే.

కీ జేబులో ఉంచుకుని హ్యాండిల్ పట్టుకుంటే తెరుచుకునే కార్లలో ఒక చిక్కుంది. కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌తో మీటరో రెండు మీటర్లో దూరంలో ఉన్న కీని వెతుకుతుంది. ఇద్దరూ కీలతో పక్కపక్కనే నిలబడితే ఎవరిని పట్టుకుంటుందో చెప్పలేం. అలాంటప్పుడు నడిపేవాళ్లు కీ మీద బటన్ నొక్కే తెరవాలి. కీలో బ్యాటరీ, ఎక్కువ వాటిలో సీఆర్2032, నీరసించినా పేరు తప్పు రావచ్చు.

కారు ఎవరికైనా ఇచ్చేటప్పుడు గెస్ట్ ప్రొఫైల్‌కి మార్చి ఇవ్వండి. అమ్మేటప్పుడు మాత్రం ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, మీ ఫోన్ నంబర్లూ ఇంటి అడ్రసూ అందులోనే ఉంటాయి.