ఎగిరే బంతిని యానిమేట్ చేయడం ఎలా?

యానిమేషన్ కోర్సులో చేరినవాళ్లకు మొదట్లోనే ఇచ్చే పని ఒకటుంది: నేల మీద పడి ఎగిరే బంతి. హీరోలను, రాక్షసులను గీద్దామని వచ్చినవాళ్లకు ఇది చప్పగా అనిపిస్తుంది. కానీ బంతికి కళ్లూ ముక్కూ లేవు కాబట్టే ఇది అంత మంచి పాఠం. బొమ్మ అందం చూసి తప్పును క్షమించే అవకాశం ఇక్కడ ఉండదు. కదలిక కుదిరితే అది బంతి, కుదరకపోతే ఉత్త సున్నా.

డిస్నీలో దశాబ్దాల పాటు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. క్లాసుల్లో ఇప్పటికీ అవే పాఠాలు. పరీక్ష కోసం పన్నెండూ బట్టీ పట్టొచ్చు, చేతికి రావాలంటే మాత్రం ముందు టైమింగ్, స్పేసింగ్ ఈ రెండూ విడివిడిగా అర్థం కావాలి. ఒక కదలిక ఎన్ని ఫ్రేముల్లో, అంటే తెర మీద వరసగా పడే ఎన్ని స్థిర చిత్రాల్లో, పూర్తవుతుందన్నది టైమింగ్. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఎంత ఎడం ఉందన్నది స్పేసింగ్. చాలామంది టైమింగ్ లెక్కపెట్టుకుని స్పేసింగ్‌ను కంటి అంచనాకు వదిలేస్తారు. బంతి బరువు తెలిసేది ఆ ఎడాల్లోనే.

కావలసినవి

27 ఏ4 కాగితాలు, ప్లాన్ కోసం ఇంకొకటి, పెన్సిల్, స్కేలు, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున్న ఏదైనా చిన్న మూత. కాగితాలు జరగకుండా పట్టి ఉంచే పెగ్ బార్, కింద నుంచి వెలుగునిచ్చే లైట్ బాక్స్ క్లాసులో ఉంటాయి. ఇంట్లో అయితే గాజు పలక కింద ఫోన్ టార్చ్ పెట్టుకున్నా పని జరుగుతుంది. కాగితం వద్దనుకుంటే ఫోన్‌లో ఫ్లిపాక్లిప్, కంప్యూటర్‌లో పెన్సిల్2డి లేదా క్రిటా వాడండి. వాటిలో ఆనియన్ స్కిన్ ఆన్ చేస్తే వెనకటి బొమ్మ లేతగా కనిపిస్తుంది.

మొదట ప్లాన్ కాగితం

దీన్ని దాటేసి నేరుగా బొమ్మల్లోకి దిగొద్దు. సగం పని ఇక్కడే అయిపోతుంది.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు చూపిస్తే సెకనుకు 12 బొమ్మలు చాలు. నిజంగా ఒక బంతిని 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే దాదాపు అర సెకనులో నేల తాకుతుంది. అంటే మన లెక్కలో 7 బొమ్మలు, వాటి మధ్య 6 అంతరాలు.

ఇప్పుడు కాగితాన్ని అడ్డంగా పెట్టి, అడుగు నుంచి 1 సెం.మీ. పైన నేల గీత గీయండి. బంతి అడుగు భాగం నేల నుంచి 18 సెం.మీ. ఎత్తులో మొదలవుతుంది. పడేకొద్దీ వేగం పెరుగుతుంది కాబట్టి ఎడం కూడా పెరగాలి, అదీ 1, 3, 5, 7, 9, 11 అని బేసి సంఖ్యల వరసలో. గెలీలియో తేల్చిన లెక్క ఇది. ఒక్కో వంతు అర సెంటీమీటరు అనుకుంటే బొమ్మల మధ్య నిలువు ఎడాలు 0.5, 1.5, 2.5, 3.5, 4.5, 5.5 సెం.మీ. కూడి చూడండి, సరిగ్గా 18 వస్తుంది.

బంతి పక్కకు కూడా వెళ్లాలి. ప్రతి బొమ్మకూ 1 సెం.మీ. చొప్పున కుడికి జరపండి. అడ్డంగా సమానమైన ఎడం, నిలువుగా మారే ఎడం. ఈ రెండూ కలిస్తే గాల్లో వంపు దానంతట అదే వస్తుంది, చేత్తో విల్లు గీసి దాని మీద బంతులు పేర్చే అవసరమే ఉండదు.

తర్వాతి గెంతులకు ఒక చిన్న సూత్రం: పైకి ఎన్ని అంతరాలు పెట్టారో ఆ సంఖ్యను దానితోనే గుణించి సగం చేస్తే సెంటీమీటర్లలో ఎత్తు వస్తుంది. గల్లీ క్రికెట్‌లో బాగా వాడి నునుపెక్కిన టెన్నిస్ బంతికి 6 తర్వాత 4, 3, 2, 1 బాగుంటుంది. అంటే గెంతుల ఎత్తులు 8, 4.5, 2, 0.5 సెం.మీ. బంతి 7, 15, 21, 25, 27 బొమ్మల్లో నేలను తాకుతుంది. 11, 18, 23, 26 బొమ్మల్లో పై కొసన ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు ఎడాలు పెద్దవి నుంచి చిన్నవి, దిగేటప్పుడు చిన్నవి నుంచి పెద్దవి.

బొమ్మలు గీయడం

ప్లాన్‌లో 27 చోట్లా గుర్తులు పెట్టి నంబర్లు వేయండి. ప్లాన్‌ను అన్నిటికన్నా అడుగున ఉంచి, ఒక్కో కాగితం మీద ఒక్కో బంతి, మూలన దాని నంబరు. ఈసారికి అన్నీ గుండ్రంగానే గీయండి. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి ఒక్కో కాగితాన్నీ ఫొటో తీసి, సెకనుకు 12 చొప్పున ఆడించి చూడండి. మొత్తం రెండు సెకన్లకు కొంచెం పైన వస్తుంది.

ఎక్కడ తేడా కొడుతుందో గమనించండి. నేల తాకేముందు బంతి మెల్లబడి, లిఫ్ట్ దిగినట్టు దిగితే అక్కడ ఎడాలు దగ్గరపడ్డాయని అర్థం. పైన ఒక్క క్షణం తేలినట్టు అనిపించకపోతే ఆ కొసన ఎడాలు ఎక్కువయ్యాయి.

ఆ తర్వాతే సాగదీయడం, నొక్కడం

స్క్వాష్ అండ్ స్ట్రెచ్ అందరికీ ఇష్టమైన సూత్రం, అందుకే అందరూ తొందరపడేది కూడా ఇక్కడే. గుండ్రటి బంతి సరిగ్గా ఎగిరాకే దీన్ని ముట్టుకోండి. లేకపోతే స్పేసింగ్‌లో తప్పు ఈ సాగుడు కింద దాక్కుంటుంది.

ఆరో బొమ్మకూ ఏడో బొమ్మకూ మధ్య 5.5 సెం.మీ. దూరం ఉంది, బంతి మాత్రం ఒకటిన్నరే. కంటికి అది తెగినట్టు, గంతు వేసినట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీని కలపడానికే సాగదీయడం. కాబట్టి నేలను తాకే ముందు బొమ్మ, తాకిన తర్వాతి బొమ్మ మాత్రమే సాగాలి, అదీ బంతి వెళ్లే దిక్కులోనే. తాకిన ఒక్క బొమ్మలో నొక్కుకోవాలి. పై కొసన మళ్లీ గుండ్రమే. బంతి పరిమాణం మారకూడదు: పొడవు 2 సెం.మీ. చేస్తే వెడల్పు 1.1కి తగ్గాలి, నొక్కినప్పుడు దీనికి తిరగేసి. గెంతు చిన్నదయ్యేకొద్దీ ఈ మార్పు కూడా తగ్గిపోవాలి, చివరి రెండు గెంతుల్లో అసలు వద్దు.

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో చేస్తే

సెకనుకు 24 ఫ్రేముల సెట్టింగ్‌లో నేల కీలు (కీ అంటే బంతి చోటును మనమే నిర్ణయించి పెట్టే ఫ్రేము) 13, 29, 41, 49, 53 ఫ్రేముల్లో, పై కీలు 1, 21, 35, 45, 51లో పడతాయి. సాఫ్ట్‌వేర్ మామూలుగా ప్రతి కీ దగ్గరా కదలికను మెత్తబరుస్తుంది, అందుకే బంతి నేల మీద మెల్లగా వాలుతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో నేల కీలను మాత్రం ఎంచుకుని హ్యాండిళ్లను వెక్టర్‌గా మార్చండి. కర్వ్ అక్కడ కోసుగా, పైన గుండ్రంగా కనిపించాలి. అడ్డంగా జరిగే కర్వ్ తిన్నటి గీతగా ఉండాలి.

బరువు మార్చి చూడండి

ఇనప గుండు గీయమంటే చాలామంది దాన్ని వేగంగా పడేస్తారు. అది తప్పు. ఒకే ఎత్తు నుంచి వదిలితే గుండూ టెన్నిస్ బంతీ దాదాపు ఒకేసారి నేల తాకుతాయి. తేడా తాకిన తర్వాతే. గుండుకు 6 తర్వాత 2, 1 పెట్టి ఆపేయండి, స్క్వాష్ అసలు వద్దు. టేబుల్ టెన్నిస్ బంతి దీనికి పూర్తిగా వేరు. బల్ల మీద 30 సెం.మీ. నుంచి వదిలితే సుమారు 23 సెం.మీ. లేవాలని ఆ ఆట నిబంధనే చెబుతుంది. దానికి 6 తర్వాత 5తో మొదలుపెట్టి నెమ్మదిగా తగ్గించండి. గాలి నింపిన బెలూన్‌కు ఈ బేసి సంఖ్యల లెక్క పనికిరాదు. గాలి అడ్డుకోవడం వల్ల అది త్వరగానే ఒకే వేగానికి వచ్చేస్తుంది కాబట్టి, మొదటి ఒకటి రెండు ఎడాలు తప్ప మిగతావి సమానంగా పెట్టండి.

గుండు, టేబుల్ టెన్నిస్ బంతి, బెలూన్ ఈ మూడూ పక్కపక్కన ఆడించి, ఏది ఏదో చెప్పకుండా క్లాసులో ఎవరికైనా చూపించండి. మూడూ ఒకే సైజు గుండ్రాలుగా ఉన్నా గుర్తుపట్టగలిగారంటే స్పేసింగ్ కుదిరినట్టే. గుర్తుపట్టలేకపోతే మళ్లీ ప్లాన్ కాగితం దగ్గరికి వెళ్లి ఎడాలు సరిచూసుకోండి.